గాయాలే ఆనవాళ్లు: మాసిడోనియా రాజు రెండవ ఫిలిప్ జీవితం, సమాధి

1977 నవంబరు 8న ఉత్తర గ్రీసులోని వెర్గినా గ్రామంలో పురావస్తు శాస్త్రవేత్త మనోలిస్ ఆండ్రోనికోస్ ఒక పెద్ద మట్టిదిబ్బ అడుగున బయటపడిన సమాధి కప్పు నుంచి ఒక రాతిని తొలగించి లోపలికి దిగారు. ఇరవై మూడు శతాబ్దాలుగా దొంగల చేయి సోకని గది అది. అందులో పాలరాతి పెట్టె, పెట్టెలో బంగారు పేటిక, పేటికలో దహనానంతరం శుభ్రపరచి అమర్చిన ఒక పురుషుని అస్థికలు ఉన్నాయి. పేటిక మూతపై పదహారు కిరణాల నక్షత్రం మెరుస్తోంది. ఆ అస్థికలు అలెగ్జాండర్ తండ్రి, మాసిడోనియా రాజు రెండవ ఫిలిప్‌వేనని ఆండ్రోనికోస్ అదే నెలలో ప్రపంచానికి ప్రకటించారు.

అయితే ఆ సమాధిలో ఎక్కడా మృతుని పేరు లేదు. శాసనం లేదు. అందువల్ల ఆ ప్రకటనతో ప్రశ్న ముగియలేదు, మొదలైంది. దాదాపు అర్ధ శతాబ్దంగా చరిత్రకారులు, వైద్యులు, మానవ శాస్త్రవేత్తలు ఆ ఎముకలను పరీక్షిస్తూనే ఉన్నారు. బంగారు పేటికలో ఉన్నది ఫిలిప్ కాదని, పక్కనే ఉన్న మరో సమాధిలోని అస్థిపంజరమే అతడిదని వాదించినవారూ ఉన్నారు. ఇరుపక్షాలూ ఆశ్రయించిన ప్రధాన సాక్ష్యం మాత్రం ఒకటే. అది ఫిలిప్ జీవితం. ఏ యుద్ధంలో అతడి శరీరానికి ఏ గాయమైందో ప్రాచీన రచయితలు నమోదు చేశారు. కన్ను, జత్రుక, చేయి, కాలు అంటూ ఆ గాయాల జాబితాను చెప్పినవారిలో అతడి బద్ధశత్రువైన ఏథెన్స్ వక్త డెమోస్తనీస్ కూడా ఉన్నాడు.

థీబ్స్‌లో బందీ

ఫిలిప్ క్రీ.పూ. 382 ప్రాంతంలో జన్మించాడు. తండ్రి రాజు మూడవ అమింటాస్, తల్లి యూరిడికే. ముగ్గురు కుమారుల్లో కనిష్ఠుడు కావడంతో సింహాసనం అతడికి దక్కుతుందని ఎవరూ అనుకోలేదు. ఆనాటి మాసిడోనియాకు కలప, గుర్రాలు, విశాలమైన మైదానాలు ఉన్నాయి కానీ స్థిరమైన ప్రభుత్వం లేదు. పడమటి కొండల నుంచి ఇల్లిరియన్లు, తూర్పు నుంచి థ్రేసియన్లు దాడి చేసేవారు. సముద్రతీరంలోని రేవులపై ఏథెన్స్ కన్నేసి ఉండేది. దక్షిణాది గ్రీకు నగరాల దృష్టిలో అది నాగరికత అంచున ఉన్న ప్రాంతం.

తండ్రి మరణించాక పెద్దన్న రెండవ అలెగ్జాండర్ రాజయ్యాడు, కొద్దికాలానికే హత్యకు గురయ్యాడు. ఆ కల్లోల సంవత్సరాల్లోనే కుమారుడైన ఫిలిప్‌ను ఒప్పందానికి హామీగా థీబ్స్ నగరానికి బందీగా పంపారు. అక్కడ సుమారు మూడేళ్లు గడిపాడు. ఆ బందీత్వమే అతడికి పాఠశాల అయింది. క్రీ.పూ. 371లో ల్యూక్ట్రా యుద్ధంలో స్పార్టాను ఓడించిన థీబ్స్ అప్పుడు గ్రీసులో అగ్రశక్తి. ఆ విజయానికి సూత్రధారి ఎపామినోండాస్ ఆ నగరంలోనే ఉన్నాడు. బలగాన్ని వరుస పొడవునా సమంగా పరచడం కంటే ఒక పక్కన చిక్కగా మోహరించి శత్రువును ఛేదించడం మేలన్న యుద్ధనీతిని, నిత్యసాధనతో రాటుదేలిన సైన్యం విలువను ఫిలిప్ అక్కడ గ్రహించాడు.

కూలిన సైన్యం నుంచి కొత్త సైన్యం

క్రీ.పూ. 359లో రెండో అన్న పెర్డిక్కాస్ ఇల్లిరియన్లతో పోరాడుతూ నాలుగు వేలకు పైగా సైనికులతో సహా మరణించాడు. మిగిలింది పసివాడైన అతడి కొడుకు, భయంతో చెల్లాచెదురైన సైన్యం, నాలుగు దిక్కులా శత్రువులు, సింహాసనం తమదేనంటూ బయలుదేరిన పోటీదారులు. ఇరవై మూడేళ్ల వయసులో ఫిలిప్ ఈ రాజ్యభారాన్ని తలకెత్తుకున్నాడు.

అతడు మొదట కత్తి దూయలేదు. ధనం, వాగ్దానాలు ఎరవేసి పియోనియన్లను, థ్రేసియన్లను వెనక్కి మళ్లించాడు. ఏథెన్స్ మద్దతుతో వచ్చిన పోటీదారును ఓడించి, పట్టుబడిన ఏథెన్స్ పౌరులను విడిచిపెట్టాడు. అలా సంపాదించిన వ్యవధిలో సైన్యాన్ని పునర్నిర్మించాడు. కాల్బలం చేతికి సరిస్సా అనే పొడవాటి ఈటెను ఇచ్చాడు. అయిదారు మీటర్ల నిడివి గల ఆ ఈటెను రెండు చేతులతో పట్టాలి. ముందు వరుసలవారు ఈటెలు చాచి నిలిస్తే శత్రువు కత్తి వారిని చేరేలోపే ఈటెమొన శత్రువును చేరేది. బండ్ల వాడకాన్ని నిషేధించాడు. పది మంది కాలిబంట్లకు ఒక్క సేవకుడినే అనుమతించాడు. ముప్పై రోజుల పిండిని ఎవరిది వారే మోసుకుంటూ సుదీర్ఘ నడకలు సాగించేలా తర్ఫీదు ఇచ్చాడు. మరుసటి ఏడాదే పది వేల కాల్బలంతో, ఆరు వందల అశ్వికులతో ఇల్లిరియన్ రాజు బార్డిలిస్‌ను చిత్తు చేశాడు. ఈ సైన్యాన్నే తరువాత అలెగ్జాండర్ క్రీ.పూ. 326లో జీలం నది ఒడ్డుకు, పోరస్‌తో యుద్ధానికి నడిపించాడు.

సైన్యానికి ధనం కావాలి. క్రీ.పూ. 357లో ఆంఫిపోలిస్‌ను, ఆ మరుసటి ఏడాది బంగారు గనులకు చేరువలో ఉన్న క్రెనిడీస్‌ను వశపరచుకుని దానికి ఫిలిప్పీ అని తన పేరు పెట్టాడు. ఆ గనుల నుంచి ఏటా వెయ్యి టాలెంట్లకు మించిన ఆదాయం లభించేదని చరిత్రకారుడు డయొడోరస్ రాశాడు. క్రీ.పూ. 356లో పొటిడియాను జయించిన వేళ అతడికి ఒకేసారి మూడు శుభవార్తలు అందాయని ప్లూటార్క్ చెబుతాడు. సేనాని పార్మెనియన్ ఇల్లిరియన్లను ఓడించాడు. ఒలింపిక్ పోటీల్లో తన గుర్రం గెలిచింది. ఎపిరస్ రాకుమారి ఒలింపియాస్ మగశిశువును ప్రసవించింది. ఆ శిశువే అలెగ్జాండర్.

ఒలింపియాస్ ఏకైక భార్య కాదు. ఫిలిప్ ఏడుగురిని వివాహమాడాడు. ఇల్లిరియా, థెస్సలీ, ఎపిరస్, డాన్యూబ్ తీరపు గెటే తెగ ఇలా ఎక్కడ సంధి అవసరమైతే అక్కడ బంధుత్వం కలుపుకున్నాడు. ఈ వివాహాల సంఖ్యే తరువాతి కాలంలో సమాధిలోని స్త్రీ ఎవరన్న ప్రశ్నను జటిలం చేసింది.

దేహంపై యుద్ధముద్రలు

ఫిలిప్ యుద్ధాన్ని దూరం నుంచి నడిపినవాడు కాదు. క్రీ.పూ. 355-354లో తీరంలో ఏథెన్స్‌కు మిగిలిన చివరి స్థావరం మెథోనీని ముట్టడిస్తుండగా ఒక బాణం అతడి కుడి కంటిని తాకింది. క్రిటోబులస్ అనే వైద్యుడు ఆ బాణాన్ని తొలగించి ముఖం వికృతం కాకుండా కాపాడాడని రోమన్ రచయిత ప్లినీ నమోదు చేశాడు. చూపు మాత్రం దక్కలేదు. ముట్టడి ఆగలేదు, మెథోనీ నేలమట్టమైంది. తరువాత ఇల్లిరియన్లతో మరో యుద్ధంలో కుడి జత్రుకకు ఈటె దెబ్బ తగిలింది.

అన్నింటికంటే దారుణమైన గాయం క్రీ.పూ. 339లో తగిలింది. డాన్యూబ్ ప్రాంతంలో వృద్ధుడైన సిథియన్ రాజు అతియాస్‌ను ఓడించి, వేలాది గుర్రాలతో తిరిగి వస్తున్న ఫిలిప్‌ను ట్రిబల్లీ తెగవారు దారికాచి ఎదుర్కొన్నారు. ఒక ఈటె అతడి తొడను చీల్చుకుని కింద ఉన్న గుర్రాన్నీ చంపింది. రాజు చనిపోయాడనే అనుకున్నారు. దోచుకువచ్చిన సొత్తంతా శత్రువుల పాలైంది. ప్రాణం నిలిచింది కానీ అప్పటినుంచి అతడు కుంటుతూనే నడిచాడు.

ఆ గాయం తగిలిన మరుసటి వేసవిలోనే అతడు జీవితంలోకెల్లా పెద్ద యుద్ధం చేశాడు. క్రీ.పూ. 338లో కైరోనియా మైదానంలో ఏథెన్స్, థీబ్స్ సేనలు అతడికి ఎదురునిలిచాయి. కుడి పక్షాన్ని ఫిలిప్, ఎడమ పక్షాన్ని పద్దెనిమిదేళ్ల అలెగ్జాండర్ నడిపారు. తాను ఎవరి నగరంలో బందీగా యుద్ధవిద్య నేర్చాడో ఆ థీబ్స్‌కు చెందిన మూడు వందల మంది పవిత్ర దళాన్ని అతడి సైన్యం తుడిచిపెట్టింది. ఆ మైదానంలోని రాతి సింహం వద్ద పందొమ్మిదో శతాబ్దంలో జరిపిన తవ్వకాల్లో వరుసల్లో పడుకోబెట్టిన 254 అస్థిపంజరాలు బయటపడ్డాయి. అవి ఆ దళానివేనని అనేకుల అభిప్రాయం.

విజేతగా ఫిలిప్ థీబ్స్ పట్ల కఠినంగా, ఏథెన్స్ పట్ల ఉదారంగా వ్యవహరించాడు. క్రీ.పూ. 337లో స్పార్టా మినహా ప్రధాన గ్రీకు రాజ్యాలను కోరింత్ కూటమిగా ఏర్పరచి, పర్షియాపై యుద్ధానికి తానే సేనాధిపతి అయ్యాడు. మరుసటి వసంతంలో పార్మెనియన్ నాయకత్వంలో పది వేల మంది ముందస్తు దళం ఆసియా గడ్డపై అడుగుపెట్టింది.

రంగస్థలంలో హత్య

రాజ్యం విస్తరిస్తుండగా ఇల్లు బీటలువారింది. క్రీ.పూ. 337లో ఫిలిప్ తన సేనాని అట్టలస్ మేనకోడలు, నవయువతి క్లియోపాత్రాను పెళ్లాడాడు. పెళ్లి విందులో అట్టలస్ ఇకనైనా రాజ్యానికి న్యాయమైన వారసుడు పుట్టాలని ఆకాంక్షించగా అలెగ్జాండర్ ఆగ్రహంతో అతడిపైకి పాత్ర విసిరాడు. ఫిలిప్ కత్తి దూసి కొడుకు వైపు కదిలి, మద్యం మైకంలో తూలి పడిపోయాడు. ఒలింపియాస్, అలెగ్జాండర్ దేశం విడిచారు. రాజీ కుదిరి కొడుకు తిరిగి వచ్చినా అనుమానం తొలగలేదు.

క్రీ.పూ. 336లో మాసిడోనియా ప్రాచీన రాజధాని ఐగైలో ఫిలిప్ తన కూతురు వివాహాన్ని ఎపిరస్ రాజుతో వైభవంగా జరిపించాడు. గ్రీకు నగరాల ప్రతినిధులంతా హాజరయ్యారు. ఊరేగింపులో పన్నెండుగురు దేవతల విగ్రహాల వెంట పదమూడవదిగా ఫిలిప్ ప్రతిమ కూడా కదిలింది. ప్రజాభిమానమే తనకు రక్షణ అని చాటేందుకు అంగరక్షకులను దూరంగా నిలిపి, తెల్లని వస్త్రాలతో రంగస్థలంలోకి ప్రవేశించాడు. ఆ క్షణంలో పౌసానియస్ అనే అంగరక్షకుడు పక్కటెముకల మధ్య బాకు దింపాడు. పారిపోతూ తీగ కాలికి చుట్టుకుని పడిపోయిన హంతకుడిని వెంబడించినవారు అక్కడే చంపేశారు. అట్టలస్ చేసిన అవమానానికి రాజు న్యాయం చేయలేదన్నదే హంతకుడి పగ అని డయొడోరస్ రాశాడు. ఒలింపియాస్ ప్రేరణ ఉందన్న అనుమానం ఆనాడే వ్యాపించింది. ఇరవై నాలుగేళ్ల పాలన ఆ రంగస్థలంలో ముగిసింది. కొద్దికాలానికే క్లియోపాత్రా, ఆమె పసిబిడ్డ కూడా ఒలింపియాస్ ప్రతీకారానికి బలయ్యారు.

దిబ్బ కింద మూడు సమాధులు

మాసిడోనియా రాజులను ఐగైలోనే ఖననం చేయాలన్నది ఆచారం. కాలక్రమంలో ఆ నగరం ఎక్కడుందో ప్రపంచం మరచిపోయింది. వెర్గినాయే ఐగై అని 1968లో బ్రిటిష్ చరిత్రకారుడు నికొలస్ హామండ్ ప్రతిపాదించాడు. విద్యార్థి దశ నుంచే అక్కడ తవ్వకాల్లో పాల్గొన్న ఆండ్రోనికోస్ ఆ ప్రతిపాదనకు భౌతిక రుజువు అందించారు. 110 మీటర్ల వ్యాసం, 12 మీటర్ల ఎత్తు గల మహాదిబ్బ కింద ఆయనకు మూడు సమాధులు కనిపించాయి.

క్రీ.పూ. 274 ప్రాంతంలో పిర్రస్ రాజు కూలిసేనలోని గాల్ సైనికులు ఐగై రాజసమాధులను దోచుకున్నారు. మిగిలినవాటిని కాపాడేందుకు ఆంటిగోనస్ గొనాటాస్ రాజు ఈ మహాదిబ్బను పోయించి ఉంటాడని ఆండ్రోనికోస్ ఊహించారు. ఈ ఆంటిగోనస్ మన చరిత్రకు అపరిచితుడు కాదు. అశోకుడు తన పదమూడవ శిలాశాసనంలో పేర్కొన్న యవన రాజుల్లో అంతెకిన ఇతడేనని చరిత్రకారులు గుర్తించారు. ఆ శాసనాల వరుస కర్నూలు సీమలోని ఎర్రగుడి బండలపైనా ఉంది.

మొదటి సమాధి దోపిడీకి గురైంది. దాని గోడపై పెర్సిఫోనీ దేవి అపహరణ దృశ్యం మాత్రం అద్భుతంగా నిలిచింది. అందులో దహనం కాని పురుషుడు, స్త్రీ, శిశువుల ఎముకలు దొరికాయి. రెండవ సమాధి చెక్కుచెదరలేదు. దాని ముఖభాగంపై రాచవేట చిత్రం, లోపలి గదిలో పురుషుని బంగారు పేటిక, 313 ఆకులు, 68 కాయలతో పోతపోసినట్టున్న ఓక్ కిరీటం, ఆయుధాలు ఉన్నాయి. ముందు గదిలోని మరో బంగారు పేటికలో ఊదా, బంగారు దారాల వస్త్రంలో చుట్టిన స్త్రీ అస్థికలు ఉన్నాయి. మూడవది ఒక కిశోరునిది. అతడు అలెగ్జాండర్ కుమారుడు నాలుగవ అలెగ్జాండర్ అన్న అభిప్రాయానికి పెద్దగా వ్యతిరేకత లేదు.

రెండవ సమాధి విషయంలో మాత్రం ఇద్దరు వ్యక్తులు బరిలో ఉన్నారు. ఒకరు ఫిలిప్. మరొకరు అతడి మరో కొడుకు ఫిలిప్ అర్హిడియస్. బుద్ధిమాంద్యం ఉన్నవాడిగా ప్రాచీన రచనలు చెప్పే అర్హిడియస్ అలెగ్జాండర్ మరణానంతరం నామమాత్రపు రాజుగా ఉండి, క్రీ.పూ. 317లో ఒలింపియాస్ ఆజ్ఞతో హతుడయ్యాడు. భార్య యూరిడికే ఉరి వేసుకోవలసి వచ్చింది. కొన్ని నెలల తరువాత కసాండర్ వారిని రాజలాంఛనాలతో ఐగైలో ఖననం చేశాడు. ఇతడికీ భార్యతో కలిసి రాచసమాధి దక్కింది. మరణించే నాటికి తండ్రి, కొడుకుల వయసుల మధ్య వ్యత్యాసం కూడా స్వల్పమే.

ఎముకలు చెప్పినది

1980ల ఆరంభంలో బ్రిటిష్ నిపుణుల బృందం రెండవ సమాధి పుర్రెను పరిశీలించి కుడి కంటిగూటి వద్ద గాయపు జాడ ఉందని తేల్చింది. ఆ పుర్రె ఆధారంగా గాయపడిన కంటితో ఫిలిప్ ముఖాన్ని మలిచింది. వివాదం తీరిందని చాలామంది భావించారు. అయితే 2000 సంవత్సరంలో గ్రీకు మానవ శాస్త్రవేత్త ఆంటోనిస్ బార్ట్సియోకాస్ సైన్స్ పత్రికలో దాన్ని ఖండించారు. ఆ గుర్తులు గాయానివి కావని, చితిమంటలో ఎముక పగిలి, తిరిగి అతికించినప్పుడు ఏర్పడినవని వాదించారు.

అసలు చర్చ దహనం తీరుపైకి మళ్లింది. కండ ఉండగానే కాలిన ఎముక వంకర తిరుగుతుంది, అడ్డంగా, వంపులుగా చీలుతుంది. మాంసం పోయి ఎండిన ఎముక కాలితే అంతగా వంగదు, చీలికలు ఎక్కువగా నిలువుగా వస్తాయి. అర్హిడియస్ దేహాన్ని నెలల తరువాత వెలికితీసి దహనం చేసి ఉంటే ఎముకలు రెండో రకంగా ఉండాలి. బార్ట్సియోకాస్ అవి ఎండిన ఎముకలేనన్నారు. 2010లో మస్‌గ్రేవ్ బృందం అవి మరణించిన వెంటనే కండతో సహా కాలినవేనని బదులిచ్చింది. ఒకే ఎముకల నుంచి రెండు పక్షాలూ రెండు తీర్పులు చదివాయి.

2015లో రెండు అధ్యయనాలు ఎదురెదురుగా నిలిచాయి. ఒకటి రెండవ సమాధి పురుషుడు నలభైల్లో ఉన్నవాడని, దీర్ఘకాలం గుర్రపుస్వారీ చేసిన ఆనవాళ్లు వెన్నెముకలో ఉన్నాయని చెప్పింది. స్త్రీ వయసు 30-34 ఏళ్లని, ఆమె ఎడమ మోకాలి దిగువ ఎముక విరిగిందని గుర్తించింది. ముందు గదిలో దొరికిన కాలి కవచాల జతలో ఎడమది కురచగా ఉండటం చాలాకాలం ఫిలిప్ కుంటితనానికి రుజువుగా చెప్పుకున్నారు. ఇప్పుడా కవచాలు ఆ స్త్రీవేనన్న వాదన బలపడింది. సిథియన్ తరహా అమ్ములపొది కూడా అక్కడే ఉండటంతో ఆమె అతియాస్ రాజు కుమార్తె కావచ్చని ఆ బృందం ఊహించింది. ఆ వయసు నిజమైతే ఆమె క్లియోపాత్రా కాదు, అర్హిడియస్ భార్య యూరిడికే కూడా కాదు. మరణించేనాటికి వారిద్దరూ ఇరవై ఏళ్లకు అటూఇటూ ఉన్నవారే.

రెండో అధ్యయనం బార్ట్సియోకాస్ బృందానిది. మొదటి సమాధిలోని పురుషుని తొడ, కాలి ఎముకలు మోకాలి వద్ద అతుక్కుపోయాయని, అందులో ఈటె దిగినట్టు రంధ్రం ఉందని వారు చూపారు. అతడు సుమారు 45 ఏళ్ల ఫిలిప్ అని, స్త్రీ క్లియోపాత్రా అని, శిశువు వారి సంతానమని నిర్ధారించారు. రాజు, చిన్న భార్య, పసిబిడ్డ ఒకేచోట దొరకడం గ్రంథాల కథనానికి అచ్చంగా సరిపోయినట్టు కనిపించింది.

2025లో వెలువడిన మరో పరిశోధన ఆ పొంతనను చెదరగొట్టింది. రేడియోకార్బన్ కాలనిర్ణయం, ఐసోటోపు పరీక్షల ఆధారంగా మొదటి సమాధిలోని పురుషుడు 25-35 ఏళ్ల వయసులో, క్రీ.పూ. 388-356 మధ్య మరణించాడని ఆ పరిశోధకులు తేల్చారు. అంటే అతడు ఫిలిప్ కంటే కనీసం ఇరవై ఏళ్లు ముందే చనిపోయాడు. శిశువు ఒక్కరు కాదు, కనీసం ఆరుగురు. వారు రోమన్ల కాలం నాటివారు. ఎవరో తెరచి వదిలిన సమాధిలో శతాబ్దాల తరువాత ఆ పసికందులను ఉంచారు. దీంతో మొదటి సమాధి ఫిలిప్‌ది అన్న వాదన బలహీనపడి, రెండవ సమాధిపై ఆండ్రోనికోస్ నిర్ణయానికి మొగ్గు పెరిగింది. అయినా అర్హిడియస్ అవకాశాన్ని అది తోసిపుచ్చదు.

పేరు వెనుక రాజకీయం

ఇది కేవలం ప్రయోగశాల వివాదం కాదు. యుగొస్లావియా నుంచి విడివడిన పొరుగుదేశం మాసిడోనియా పేరుతో స్వతంత్రమై, 1992లో వెర్గినా నక్షత్రాన్ని తన జెండాపై పెట్టుకున్నప్పుడు గ్రీసు తీవ్రంగా ప్రతిఘటించింది. 1995లో ఆ జెండా మారింది. 2018 ప్రెస్పా ఒప్పందం తరువాత ఆ దేశం ఉత్తర మాసిడోనియాగా పేరు మార్చుకుంది. ఒక పేటిక మూతపై దొరికిన చిహ్నం రెండు దేశాల ఆత్మగౌరవ ప్రశ్నగా మారిన వాతావరణంలో అందులోని అస్థికలు ఎవరివన్న ప్రశ్నకు శాస్త్రబద్ధమైన నిదానం మరింత అవసరమైంది.

ఈ గాథలో ప్రతి తీర్పునూ తరువాతి పరీక్ష సరిదిద్దింది. కంటి గాయమనుకున్నది చితిలో పగిలిన ఎముక కావచ్చని తేలింది. రాజు కుంటికాలి కవచమనుకున్నది ఒక స్త్రీ ధరించిందేమోనన్న ప్రశ్న వచ్చింది. గ్రంథంలోని కుటుంబంలా కనిపించిన ముగ్గురు వేర్వేరు కాలాలవారయ్యారు. అంతిమంగా నిలిచినవి వయసు, కాలం, దహనం తీరు వంటి కొలవగల అంశాలే. అవి నేడు ఎక్కువగా రెండవ సమాధి వైపే చూపుతున్నాయి.

వెర్గినా 1996లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మరుసటి ఏడాది మహాదిబ్బ రూపంలోనే నిర్మించిన మ్యూజియం తెరుచుకుంది. సమాధులు తవ్విన చోటే ఉన్నాయి. బంగారు పేటికలు, ఓక్ కిరీటం వాటి సమీపంలోనే ప్రదర్శనలో ఉన్నాయి. పదహారేళ్ల పునరుద్ధరణ తరువాత ఐగై రాజభవనాన్ని 2024 జనవరిలో సందర్శకులకు తెరిచారు. ఆ భవనం దిగువనే 1982లో ఆండ్రోనికోస్ వెలికితీసిన రంగస్థలం ఉంది. కుంటికాలితో, ఒంటికంటితో, కాపలా లేకుండా ఫిలిప్ చివరి అడుగులు వేసింది అక్కడే.